మదాం క్యూరీ విజ్ఞానదానము

విద్యాధనము పంచినకొలది పెరుగునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటను బ్రదుకున ఆచరించి చూపిన విదుషీమణి మదాం క్యూరీ.

ఆమె 1867లో పోలండులోని వార్సా నగరమున జన్మించెను. ఆనాడు వార్సా రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. పాఠశాలలలో మాతృభాషకు చోటు లేదు. విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. దేశాభిమానులు రహస్యముగా నడుపు తరగతులలో ఆమె చదువుకొనెను. సంపన్నుల యిండ్లలో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ జీతముతో పారిస్‌లో వైద్యము చదువుచున్న అక్కకు తోడ్పడెను. 1891లో తానును పారిస్ చేరెను. పుట్టినచోట దొరకని చదువు పరదేశమున దొరకెను.

1898లో భర్త పియేర్‌తో కలసి ఆమె పొలోనియము, రేడియము అను మూలకములను కనుగొనెను. మొదటిదానికి జన్మభూమి పేరు పెట్టెను. రేడియమును వేరుచేయు విధానముపై పేటెంటు పొందినచో అపారధనము లభించియుండెడిది. ఆ దంపతులట్లు చేయక, విధానమును ఎల్లరకును వెల్లడించిరి. 1921 నాటికి గ్రాము రేడియము వెల లక్ష డాలర్లు. కనుగొన్న ఆమెకే పరిశోధనకు రేడియము కొరవడెను. అమెరికా మహిళలు చందాలు ప్రోగుచేసి యొక గ్రాము బహూకరింపగా, అది తన సొంతము గాక పరిశోధనాలయమునకు చెందునట్లు ఆమె పత్రము వ్రాయించెను.

ప్రథమ ప్రపంచయుద్ధము వివిధ దేశముల పండితుల నడుమ రాకపోకలను తెంచివేసెను. ఆ బంధమును తిరిగి కలుపుటకై నానాజాతి సమితి 1922లో అంతర్జాతీయ మేధాసహకార సంఘమును స్థాపించెను. సభలకు సాధారణముగా దూరముగా నుండు మదాం క్యూరీ ఈ సంఘమున చేరి, మరణపర్యంతము పనిచేసెను. ఒకచోట వెలువడిన పరిశోధన మరియొకచోట తెలియుటకై గ్రంథసూచికలు, శాస్త్రసంకేతములు, పరిభాష ఏకరీతిగా నుండవలెనని శ్రమించెను. ప్రతిభగల పేదలకు అంతర్జాతీయ విద్యార్థివేతనములు కోరెను. తాను విడిచిన హక్కును ఇతర శాస్త్రజ్ఞులకు కల్పించి, ఆ రాబడితో పరిశోధనను పోషింపవలెనని సైతము వాదించెను. త్యాగమొక్కటియే పరిశోధనాలయమును నడుపజాలదని ఆమె యెరుగును.

ఆ సంఘమున జగదీశచంద్ర బోసు ఆమెతో పనిచేసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో సభ్యులైరి.

ఏండ్ల తరబడి సోకిన కిరణముల వలన రక్తము క్షీణించి, 1934 జూలై 4న ఆమె కన్నుమూసెను. సంఘము పని 1946లో యునెస్కోకు సంక్రమించెను. నేడు ఒక పేద విద్యార్థి వేతనము పొంది పరదేశమున చదువుచున్నచో, వార్సాలో చాటుగా చదువుకొన్న ఆ బాలిక కోరిక అంతమేరకు నెరవేరినట్లే.