విశ్వనట చక్రవర్తి ఎస్వీఆర్ - ఆయన జీవితం, మనకో పాఠం

సినిమా పరిశ్రమ మన బోరబండ వాళ్లకు దూరపు లోకం కాదు. ఫిలింనగర్ సెట్లలో లైట్లు మోసేవాళ్లు, చెక్కపని చేసేవాళ్లు మన చుట్టుపక్కలే ఉంటారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక మహానటుని జీవితాన్ని హాస్టల్ మిత్రులకు గుర్తు చేస్తున్నాం.

సామర్ల వెంకట రంగారావు గారు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. చదువుకునే రోజుల నుంచే నాటకాలంటే ప్రాణం. చదువు ముగిశాక అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరారు. కానీ మనసు నటన మీదే ఉండటంతో ఆ ఉద్యోగం వదిలేశారు. మొదటి చిత్రం వరూధిని విజయం సాధించలేదు. అవకాశాలు రాక జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగం చేశారు. అయినా పట్టు వదలక తిరిగి వచ్చారు. 1951లో పాతాళభైరవిలో మాంత్రికుడిగా, 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడిగా తెలుగువారి గుండెల్లో నిలిచిపోయారు. 1963 నాటి నర్తనశాలలో కీచక పాత్రకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నారు.

అంతటి మనిషికి 1974 ఫిబ్రవరిలో హైదరాబాదులో గుండెపోటు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్సతో కోలుకున్నారు. అదే ఏడాది జూలై 18న మద్రాసులో మళ్లీ వచ్చింది. ఈసారి వైద్యం అందేలోపే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 56 ఏళ్లే.

గుండెపోటు అంటే గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోవడం. దానివల్ల ఒక్కోసారి గుండె లయ తప్పి, కొట్టుకోవడమే ఆగిపోతుంది. అప్పుడు మనిషి కుప్పకూలిపోతాడు. ఏ సాయమూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. తప్పిన లయను సరిచేసేది విద్యుత్ షాక్. 1965లో బెల్‌ఫాస్ట్‌లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ ఆ యంత్రాన్ని మొదటిసారి అంబులెన్సులోకి ఎక్కించారు. దాని బరువు దాదాపు 70 కిలోలు. ఎస్వీఆర్ కాలంలో అటువంటిది మన వీధుల్లో ఊహకైనా అందనిది. ఉంటే ఆయన బతికేవారని మేము అనలేం. కానీ నేడు అదే పని చేసే ఏఈడీ చేతిసంచిలో పడుతుంది. మీట నొక్కితే ఏం చేయాలో అదే చెబుతుంది. ఛాతీకి రెండు ప్యాడ్‌లు అంటిస్తే గుండె లయను పరీక్షించి, అవసరమైతేనే షాక్ ఇమ్మంటుంది. డాక్టరే కానక్కరలేదు.

మిత్రులారా! ఎవరైనా కూలిపోయి, పిలిచినా పలకక, శ్వాస సరిగా తీసుకోకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉండండి. ఏఈడీ కోసం ఇంకొకరిని పరుగెత్తించండి. తెలంగాణలో 2023 మార్చిలో ప్రభుత్వమే ఈ సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. మనమూ నేర్చుకోవచ్చు.

మంటలార్పే సిలిండరు గోడకు ఉండాలని అందరం ఒప్పుకుంటాం. ఒకనాటి అగ్నిమాపక అధికారి జీవితం చదివాక, దాని పక్కనే ఏఈడీ కూడా ఉండాలని మాకు అనిపించింది. మన రైల్వేస్టేషన్‌లో, ఫంక్షన్ హాళ్లలో, షూటింగ్ సెట్లలో అది ఉందా అని అడుగుదాం. మన ఇళ్లలో సంపాదించే చెయ్యి చాలాసార్లు ఒక్కటే. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుంటే మన హాస్టల్‌కే ఒకటి వస్తుంది. వచ్చే వార్షికోత్సవం నాటికి అది మన వరండా గోడకు ఉండాలని కోరుకుంటున్నాం.