బోర్డు కనిపించని విద్యార్థి

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు, కాలువలూ వంతెనలూ కట్టే పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి ఆ సంగతులే రాస్తానని మిత్రులు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక పాత విద్యార్థి గురించి రాస్తున్నాను. ఆయన మన బడిలో చదవలేదు, మన జిల్లావాడూ కాదు. అయినా మన తెలుగు పుస్తకాల్లో ఆయన పేరు చూడనివాళ్లు మనలో ఉండరు. ఆయనే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. గయోపాఖ్యానం నాటకం, గణపతి నవల రాసినాయనగా అందరికీ తెలుసు. తరగతిలో బోర్డు కనిపించని పిల్లవాడిగా ఆయన మనలో చాలామందికి తెలియదు.

లక్ష్మీనరసింహం గారు 1867 సెప్టెంబరు 26న అప్పటి గోదావరి జిల్లాలోని ఖండవల్లిలో పుట్టారు. తల్లి రత్నమ్మ, తండ్రి వెంకన్న. కాపురం వీరవాసరంలో. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పేరు పిల్లవాడికి పెట్టుకున్నారు. అహోబిలం స్వామి పేరు మీద ఇంటికో ఓబులేసు, వీధికో నరసింహులు ఉండే ఆళ్లగడ్డ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పిల్లవాడికి చిన్నప్పటి నుంచే రేచీకటి. పొద్దు వాలితే చూపు ఆనేది కాదు. ఊళ్లలో కరెంటు లేని కాలం, ఇంట్లో వెలుగంటే నూనె దీపమే. ఆ వెలుగులో మిగతా పిల్లలు పుస్తకం పట్టుకుంటే, ఈయన మూసిపెట్టాల్సిందే. పగలు బడిలోనూ నల్లబల్ల మీద రాసింది సరిగా కనిపించేది కాదు. అలాంటి పిల్లవాడు పై తరగతులకు ఎలా వెళ్లగలిగాడు? స్నేహితుల వల్ల. సాయంత్రం పూట తోటి పిల్లలు పాఠాలు పైకి చదివేవారు, ఈయన వినేవారు. విన్నది మనసులో నిలబెట్టుకునేవారు. వీరవాసరం, నరసాపురం, రాజమండ్రి, ఎక్కడ చదివినా ఆ చెవి చదువే ఆయనకు ఆధారం.

ఇక్కడ ఇంజనీరు బుద్ధితో ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఆ రోజుల వీధిబడిలో చదువంతా నోటితోనే సాగేది. ఎక్కాలు, శతక పద్యాలు, అమరం, అన్నీ పిల్లలందరూ గొంతెత్తి వల్లె వేసేవారు. చూపు తక్కువైన పిల్లవాడికి ఆ పద్ధతి తెలియకుండానే సరిపోయింది. అచ్చు పుస్తకం, నల్లబల్ల, పరీక్ష కాగితం వచ్చాక కంటి మీద బరువు పెరిగింది. పిల్లవాడి కళ్లు మారలేదు, చదువు చెప్పే తీరు మారింది. ఇబ్బంది ఎంతో తేల్చేది పిల్లవాడి లోపం ఒక్కటే కాదు, మనం కట్టిన ఏర్పాటు కూడా. మెట్లు కట్టిన రోజే చక్రాల కుర్చీకి అడ్డం కట్టినట్టు.

చదువు ముగించి లక్ష్మీనరసింహం గారు ఎంచుకున్న ఉద్యోగం చూడండి. రాజమండ్రి పాఠశాలల్లో తెలుగు పండితుడయ్యారు. బోర్డు కనిపించని విద్యార్థే బోర్డు ముందు నిలబడ్డారు. తర్వాత తానే ఒక పాఠశాల పెట్టి నడిపారు. ఆ రోజుల్లోనే నాటక రచనకు దిగారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి నాటక సమాజం కోసం 1889లో కీచకవధ రాశారు. ఆ తర్వాత వచ్చిన గయోపాఖ్యానం ఊరూరా ఆడింది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయిందని చెబుతారు. కుర్రవాడిగా ఉన్న టంగుటూరి ప్రకాశం గారు ఆ సమాజం నాటకాల్లో వేషాలు కట్టారు.

నాటకాల వెంట నవలలు వచ్చాయి. చింతామణి పత్రిక పెట్టిన పోటీలో రామచంద్ర విజయం బహుమతి పొందింది. హేమలత, అహల్యాబాయి, కర్పూరమంజరి ఆయనవే. కర్నల్ టాడ్ రాసిన రాజపుత్రుల చరిత్ర ఆధారంగా రాజస్థాన కథావళి తెలుగు వాళ్లకు ఇచ్చారు. భాసుని నాటకాలను తెలుగు చేశారు. సరస్వతి, మనోరమ, దేశమాత పత్రికలు నడిపారు. గణపతి నవలలో చదువు సంధ్యలు లేని గణపతి వీధిబడి పెట్టి పంతులు వేషం వేసే ఘట్టాలు చదివితే, బడి అంటే ఏమిటో, ఏది బడి కాదో ఆయనకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. రేడియోలో గణపతి నాటకం వస్తోందంటే పని ఆపుకుని కూర్చున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉండేవి.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వందేమాతరం ఉద్యమం గురించి ఇంగ్లీషులో ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు, వాటిని తెలుగులో చెప్పింది లక్ష్మీనరసింహం గారే. వింటూనే గుర్తుపెట్టుకుని, ఆ వెంటనే మరో భాషలో సభకు అందించడం. చిన్నప్పుడు సాయంత్రాలు అరుగుల మీద వినికిడితో నేర్చిన విద్య అక్కడ వేలమంది ముందు పనికొచ్చింది. ఆ సభలో ఆయన చెప్పిన పద్యం ఆంధ్రదేశమంతా పాకింది. భారతదేశాన్ని పాడియావుతో పోల్చిన ఆ పద్యం మనం కూడా బడిలో కంఠస్థం చేశాం.

రెండేళ్లకు, 1909లో, ఆయన ఇంకో పని చేశారు. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన కులాల పిల్లల కోసం రాజమండ్రిలో పాఠశాల తెరిచారు. కందుకూరి వీరేశలింగం గారి బాటలో నడిచినవాడు కాబట్టి సంఘ సంస్కారం ఆయనకు కొత్త కాదు. కానీ నాకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. తలుపు దగ్గరే ఆగిపోయే పిల్లలు ఎవరో, తలుపు లోపలికి వచ్చినా పాఠం అందని పిల్లలు ఎవరో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక రకం అడ్డు తాను దాటి, ఇంకో రకం అడ్డు ఇంకొకరికి ఉండకూడదనుకున్నారు.

వయసు మళ్లే కొద్దీ ఉన్న చూపూ పోయింది. అయినా రచన ఆగలేదు. ఆయన చెబుతుంటే మరొకరు రాసేవారు. డెబ్బై దాటాక స్వీయచరిత్రను కూడా అలాగే, జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పి రాయించారు. చిన్ననాటి ఊళ్లు, పంతుళ్లు, తోటి పిల్లలు అందులో పేర్లతో సహా కనిపిస్తారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1946 జూన్ 17న కన్నుమూశారు.

జనం ఆయనకు ఇచ్చిన రెండు బిరుదులు చెప్పుకోవాలి. ఆంధ్ర మిల్టన్, ఆంధ్ర స్కాట్. మిల్టన్ అంధుడు, తన మహాకావ్యాన్ని ఇతరుల చేత రాయించాడు. ఈ పోలిక అందరికీ తెలిసిందే. చారిత్రక నవలల వల్ల స్కాట్ పేరు వచ్చింది. అయితే ఆ వాల్టర్ స్కాట్‌కు పసితనంలోనే పోలియో సోకి కుడికాలు పడిపోయిందని, జీవితాంతం కుంటుతూనే నడిచాడని ఆ బిరుదు ఇచ్చినవాళ్లు ఆలోచించారో లేదో! మనం తలకెత్తుకున్న రెండు బిరుదుల వెనుకా వైకల్యం ఉన్న ఇద్దరు మనుషులే ఉన్నారు.

చుక్కల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ కథ కూడా ఇలాంటిదే. 1809లో ఫ్రాన్సులోని కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. మూడేళ్లప్పుడు తండ్రి జీనులు కుట్టే కొట్లో ఆరె గుచ్చుకుని చూపు పోయింది. ఆ ఊరి పంతులు అతన్ని చూపున్న పిల్లల మధ్యనే మామూలు బడిలో కూర్చోబెట్టుకున్నాడు. పదేళ్లకు పారిస్‌లోని అంధుల పాఠశాలకు వెళ్లే నాటికి చదువు రుచి తెలిసిన పిల్లవాడు. ప్రత్యేక పాఠశాల అతనికి లిపి దారి చూపింది, ఊరి బడి అంతకు ముందే చదవగలనన్న ధైర్యం ఇచ్చింది. రెండూ కావాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అక్క మనవరాలి వల్ల. ఆళ్లగడ్డలో ఉంటుంది, అయిదు నిండాయి. బొమ్మల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చూస్తోందని మొదట కనిపెట్టింది అంగన్‌వాడీ టీచరమ్మ. నంద్యాలలో కంటి డాక్టరుకు చూపిస్తే, అద్దాలతో కొంతవరకే సరిచేయగలమని, మిగతాది అలవాటుతో నెట్టుకురావాలని చెప్పారు. ఒకటో తరగతిలో చేర్చడానికి వెళితే ఒక బడివాళ్లు వద్దన్నారు. ఇలాంటి పిల్లలకు వేరే బళ్లు ఉన్నాయట, అక్కడికి తీసుకెళ్లాలట. అయిదేళ్ల పిల్లను ఇల్లు విడిపించి దూరపు హాస్టల్లో వేయాలా అని మా అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

నేను చట్టం తిరగేశాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంతకు ముందున్న ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచింది. ప్రభుత్వ సాయం గానీ గుర్తింపు గానీ ఉన్న ఏ బడీ వైకల్యం పేరుతో పిల్లలను కాదనకూడదు. నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అది ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్లు ఎంచుకోవాలి, బడివాళ్లు కాదు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, ఈ పిల్లలకోసం శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు ఉన్నారు. చిన్నపిల్లల్లో లోపాలను ముందే పట్టుకునేందుకు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి రాకుండా అయిదేళ్ల లోపు పిల్లలకు చుక్కల మందు వేస్తున్నారు. ఇవేవీ లేని కాలంలో పుట్టిన పిల్లవాడి కథే పైన చెప్పుకున్నాం.

చివరికి పాపను ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేర్చాం. ముందు బెంచీ, కిటికీ వెలుగు కంట్లో పడకుండా బోర్డుకు ఎదురుగా. టీచరు బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాస్తుంది. ఖర్చు ఏమీ లేదు. పాప పక్కన కూర్చునే పిల్ల బోర్డు మీది లెక్కలు చెవిలో చెబుతుందట, ఆ పిల్లకు లెక్కలు ముందుకన్నా బాగా వస్తున్నాయట. చెప్పేవాడికి రెండుసార్లు చదువు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

టీచర్ల కష్టం నాకు తెలియక కాదు. నలభై మందికి ఒక్కరే చెప్పే చోట ఒక్కరి మీద దృష్టి పెట్టడం తేలిక కాదు. చిలకమర్తి వారి కథ నుంచి తీసుకోవలసిన హెచ్చరిక కూడా ఇక్కడే ఉంది. ఆయనకు చదివి వినిపించే స్నేహితులు దొరికారు. దొరకని పిల్లలు ఎందరో, వాళ్ల పేర్లు మనకు తెలియవు. వంతెన నిలబడటాన్ని మేం అదృష్టానికి వదిలిపెట్టం కదా, పిల్ల చదువును ఎందుకు వదలాలి? ఇంకో సంగతి. గొప్ప రచయిత అవుతాడని ఆ పిల్లవాడికి ఎవరూ పాఠం చదివి వినిపించలేదు, పక్కన కూర్చునేవాడు కాబట్టి వినిపించారు. ప్రతి పాపా చిలకమర్తి కానక్కర్లేదు. కూడికలు, తీసివేతలు నేర్చుకుని, తన ఉత్తరం తాను రాసుకుంటే చాలు, ఆ బెంచీ మీద చోటు సార్థకమే.

మిత్రులారా, స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని కొందరు అంటున్నారు. తోరణం వద్దనను. దానికన్నా ముందు లోపలికి దారి చూడమంటున్నాను. మొన్న నంద్యాల నుంచి వస్తూ బడి దగ్గర ఆగి టేపు పట్టాను. వరండాకు మూడు మెట్లు, మొత్తం ఎత్తు 450 మిల్లీమీటర్లు. పన్నెండుకు ఒకటి వాలు ప్రకారం 5.4 మీటర్ల ర్యాంపు కావాలి, రెండు పక్కలా చేతికమ్మీలు. చోటు ఉంది. మరుగుదొడ్లలో ఒకదాని తలుపు 900 మిల్లీమీటర్లకు పెంచి లోపల పట్టుకునే కడ్డీ బిగించాలి. మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ, తరగతుల్లో మెరవని నల్లబల్ల, అది కనిపించేలా లైట్లు. ఇక మిగిలింది మనుషుల పని. ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి అవసరమైన పిల్లలకు పాఠాలు చదివి వినిపించాలి. ఈ పనికి ఇప్పటికే నలుగురు పేరు ఇచ్చారు.

డ్రాయింగు, అంచనా కాగితాలు కార్యదర్శి గారికి అప్పగించాను. నా పనికి ఫీజు లేదు, పర్యవేక్షణ నాదే. జూన్‌లో బడి తెరిచే నాటికి ర్యాంపు మీద సిమెంటు ఆరి ఉండాలంటే, ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాలి.