ఎమ్లెన్ టన్నెల్

ఎమ్లెన్ లూయిస్ టన్నెల్ (మార్చి 29, 1924 - జూలై 23, 1975) సుప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్)లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు ఇతడే. 1948 నుండి 1961 వరకు పధ్నాలుగు సీజన్ల పాటు రక్షణ పంక్తిలో సేఫ్టీ స్థానంలో ఆడి, 79 సార్లు ప్రత్యర్థుల పాస్‌లను చేజిక్కించుకొన్నాడు. ఇతడు ఆట విరమించేనాటికి అది లీగ్ రికార్డు. 1967లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతీయుడు ఇతడు. కేవలం రక్షణ ఆట ద్వారానే అందులో ప్రవేశించినవారిలో కూడా ఇతడే మొదటివాడు.

ఆట గురించి కొంత

ఫుట్‌బాల్ అనగానే మన దేశంలో కాలితో తన్నే ఆటే గుర్తుకు వస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ అందుకు పూర్తిగా భిన్నమైనది. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకొని పరుగెత్తడం, విసరడం ఇందులో ప్రధానం. ఒక్కో జట్టుకు పదకొండుగురు మైదానంలో ఉంటారు. ఒక జట్టు బంతితో ముందుకు సాగుతుంటే రెండవది దానిని అడ్డుకొంటుంది. అడ్డుకొనే జట్టులో అందరికంటే వెనుక నిలిచేవాడు సేఫ్టీ. మిగిలినవారందరినీ దాటుకొని వచ్చినవాడిని ఆపవలసిన చివరి మనిషి అతడే. ప్రత్యర్థి తన తోటి ఆటగాడికి విసిరిన బంతిని మధ్యలోనే అందుకోవడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. అలా అందుకొన్న క్షణం నుండి బంతి రక్షణ జట్టు సొంతమవుతుంది, అందుకొన్నవాడు దానితో ఎదురు పరుగు తీయవచ్చు. టన్నెల్ పేరు నిలిచింది ఈ విద్యలోనే. ఇది కాక, ప్రత్యర్థి కాలితో ఎత్తుగా తన్నిన బంతిని అందుకొని వెనుకకు పరుగెత్తే పంట్ రిటర్న్‌లో కూడా ఇతడు దిట్ట.

బాల్యం, విద్యాభ్యాసం

టన్నెల్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియా నగర శివార్లలోని బ్రిన్ మార్‌లో జన్మించాడు. దగ్గరలోని గారెట్ హిల్‌లో పెరిగాడు. తల్లి సంపన్నుల ఇళ్ళలో పనిచేసి పిల్లలను పెంచింది. రాడ్నార్ ఉన్నత పాఠశాలలో చదువుకొనే రోజుల్లోనే ఆటలలో పేరు తెచ్చుకొన్నాడు.

1942లో ఒహాయోలోని టొలీడో విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఏడాది ఫుట్‌బాల్ ఆడుతుండగా మెడ ఎముక విరిగింది. ఇతని ఫుట్‌బాల్ జీవితం అక్కడితో ముగిసినట్లేనని అనిపించింది. అయితే కొద్ది నెలలకే ఇతడు అదే విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టులో కనిపించాడు. ఆ జట్టు 1943లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన జాతీయ ఆహ్వాన టోర్నమెంటు ఫైనల్ వరకు వెళ్ళి సెయింట్ జాన్స్ చేతిలో ఓడిపోయింది.

కోస్ట్ గార్డ్‌లో

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. మెడ గాయం కారణంగా సైన్యమూ, నౌకాదళమూ టన్నెల్‌ను చేర్చుకోలేదు. చివరకు 1943లో అమెరికా తీర రక్షణ దళమైన కోస్ట్ గార్డ్‌లో చేరి 1946 వరకు పనిచేశాడు. నల్లజాతి నావికులకు ఆ రోజుల్లో ఎక్కువగా దక్కేది భోజనశాలలో వడ్డించే కొలువే. ఇతనికీ అదే దక్కింది.

1944 ఏప్రిల్‌లో ఇతడు పనిచేస్తున్న ఎటామిన్ అనే సరకుల ఓడ న్యూ గినీ తీరంలో ఉండగా ఒక జపాన్ విమానం టార్పెడోతో దాడి చేసింది. ఓడలో పేలుడు సామగ్రి, ఇంధనం ఉన్నాయి. ఇంజను గదిలో ఉన్న నావికుడొకడు మంటల్లో చిక్కుకొన్నాడు. టన్నెల్ ఉత్త చేతులతో ఆ మంటలను ఆర్పి అతనిని పైకి చేర్చాడు. ఇతని చేతులు కూడా కాలాయి. రెండేళ్ళ తరువాత, 1946 మార్చిలో, టాంపా అనే ఓడ న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఉన్నప్పుడు తోటి నావికుడొకడు సముద్రంలో పడిపోయాడు. నీరు గడ్డకట్టే స్థితిలో ఉంది. టన్నెల్ వెంటనే దూకి అతనిని కాపాడాడు.

ఈ రెండు సంఘటనల గురించి ఇతడు పెద్దగా చెప్పుకోలేదు. ఆటగాడిగా దేశమంతటా తెలిసిన తరువాత కూడా అభిమానులలో చాలామందికి ఇవి తెలియవు. ఎన్నో దశాబ్దాల తరువాత పాత రికార్డుల ద్వారా వెలుగులోకి వచ్చాయి. 2011లో కోస్ట్ గార్డ్ ఇతనికి మరణానంతరం రజత ప్రాణరక్షణ పతకాన్ని ప్రకటించింది. అప్పటికి ఇతడు చనిపోయి ముప్ఫై అయిదేళ్ళు దాటింది.

అయోవా నుండి న్యూయార్క్‌కు

యుద్ధం తరువాత టన్నెల్ అయోవా విశ్వవిద్యాలయంలో చేరి 1946, 1947 సీజన్లలో ఫుట్‌బాల్ ఆడాడు. విరిగిన మెడతో మళ్ళీ ఈ ఆటలోకి దిగడం సాహసమే. తరువాత కంటికి శస్త్రచికిత్స జరగడంతో చదువు మధ్యలోనే ఆపి ఇంటికి వచ్చాడు.

ఆనాటి పరిస్థితిని ఇక్కడ చెప్పుకోవాలి. 1934 నుండి 1945 వరకు ఎన్.ఎఫ్.ఎల్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. నిషేధం కాగితం మీద ఎక్కడా లేదు, కాని అందరూ పాటించారు. 1946లో లాస్ ఏంజిలస్ రామ్స్ జట్టు కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్‌లను తీసుకోవడంతో అది తొలగింది. అయినా చాలా జట్లు వెంటనే ముందుకు రాలేదు. న్యూయార్క్ జెయింట్స్ కూడా అప్పటి వరకు నల్లజాతివారిని తీసుకొన్న జట్టు కాదు.

1948 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ టన్నెల్‌ను ఎంచుకోలేదు. ఆ వేసవిలో ఇతడు ఎవరి సిఫారసూ లేకుండా జెయింట్స్ కార్యాలయానికి బయలుదేరాడు. చేతిలో బండి లేదు. దారిలో వచ్చే వాహనాలను ఆపి అడుగుతూ ప్రయాణించాడు. చివరి మజిలీలో అరటిపళ్ళ లారీ నడుపుతున్న ఒక వెస్టిండియన్ ఇతనిని ఎక్కించుకొని న్యూయార్క్ చేర్చాడు. జట్టు యజమాని టిమ్ మారాను కలిసి తనకొక అవకాశం ఇమ్మని అడిగాడు. అడగడానికి అంత దూరం వచ్చిన ధైర్యం మారాకు నచ్చింది. ఒప్పందం కుదిరింది. జెయింట్స్ చరిత్రలోని గొప్ప నిర్ణయాలలో ఒకటి ఈ విధంగా, జట్టు ప్రయత్నమేమీ లేకుండానే జరిగిపోయింది.

జెయింట్స్ జట్టులో

మొదటి సీజన్‌లోనే టన్నెల్ ఏడు ఇంటర్‌సెప్షన్లు చేశాడు. అందులో నాలుగు గ్రీన్ బే పాకర్స్‌తో జరిగిన ఒకే పోటీలో వచ్చాయి. మరుసటి ఏడాది ఆ సంఖ్య పదికి చేరింది.

1950లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ఎన్.ఎఫ్.ఎల్‌లో ప్రవేశించింది. అంతకు ముందు వేరొక లీగ్‌లో ఆ జట్టు వరుసగా నాలుగేళ్ళు విజేత. పాల్ బ్రౌన్ శిక్షణలో, ఆటో గ్రాహం విసిరే పాస్‌లతో ఆ జట్టును ఆపడం ఎవరికీ సాధ్యం కాదనుకొన్నారు. జెయింట్స్ శిక్షకుడు స్టీవ్ ఓవెన్ దీనికొక ఉపాయం పన్నాడు. ముందు వరుసలో రెండు చివర్ల ఉండే ఆటగాళ్ళు అవసరాన్ని బట్టి వెనుకకు జారి పాస్‌లను కాపు కాస్తారు. వారి వెనుక నలుగురు అర్ధచంద్రాకారంలో నిలుస్తారు. పైనుండి చూస్తే తెరిచిన గొడుగులా ఉంటుంది కాబట్టి దీనికి గొడుగు వ్యూహం అనే పేరు వచ్చింది. ఆ నలుగురు టన్నెల్, టామ్ లాండ్రీ, ఆటో ష్నెల్‌బాకర్, హార్మన్ రో. వీరిలో లాండ్రీ ఆ తరువాతి కాలంలో డల్లాస్ కౌబాయ్స్ శిక్షకుడిగా ప్రఖ్యాతి పొందాడు.

1950 అక్టోబర్ 1న జరిగిన పోటీలో జెయింట్స్ 6-0తో గెలిచింది. బ్రౌన్స్ జట్టు ఒక్క పాయింటు కూడా సాధించలేకపోవడం దాని చరిత్రలో అదే మొదటిసారి. అదే సీజన్‌లో రెండవసారి తలపడినప్పుడు కూడా జెయింట్స్‌దే గెలుపు. కాని రెండు జట్లూ సమానంగా నిలవడంతో డిసెంబరులో జరిగిన ప్లేఆఫ్‌లో మాత్రం 8-3తో బ్రౌన్స్ గెలిచి, ఆ ఏటి ఛాంపియన్‌షిప్‌ను కూడా దక్కించుకొంది.

1951లో టన్నెల్ మూడు పంట్ రిటర్న్‌లను, ఒక కికాఫ్ రిటర్న్‌ను టచ్‌డౌన్‌లుగా మలిచాడు. ఆ కికాఫ్ పరుగు పొడవు 100 గజాలు. 1952 లెక్క ఇంకా ఆశ్చర్యకరమైనది. ఆ ఏడాది పంట్ రిటర్న్‌లలో 411, కికాఫ్ రిటర్న్‌లలో 364, ఇంటర్‌సెప్షన్ల తరువాత 149, మొత్తం 924 గజాలు పరుగెత్తాడు. అదే సీజన్‌లో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన దాడి ఆటగాడు డాన్ టౌలర్ బంతితో పరుగెత్తినది 894 గజాలే. బంతి తన జట్టు చేతిలో లేనప్పుడు మైదానంలోకి దిగే మనిషి, బంతి మోయడమే పనిగా ఉన్నవాడిని మించిపోయాడన్నమాట. రక్షణ ఆటగాళ్ళను అంతగా పట్టించుకోని ఆ రోజుల్లో జెయింట్స్ రక్షణలోని దాడి అనే పేరు ఇతనికి స్థిరపడింది.

టన్నెల్ వేగం కంటే ముందుచూపుకే ఎక్కువ పేరుపొందాడు. బంతి విసిరేవాడి కదలికను చదివి, అది ఎక్కడ పడబోతుందో ఊహించి అక్కడికి చేరుకొనేవాడు. గాయాలు ఎన్ని తగిలినా వరుసగా 158 పోటీలలో పాల్గొన్నాడు. ఒకప్పుడు మెడ విరిగి సైన్యానికి పనికిరాడనిపించుకొన్నవాడు ఇతడేనని గుర్తుంచుకోవాలి. తొమ్మిదిసార్లు ప్రొ బౌల్‌కు ఎంపికయ్యాడు.

1956 డిసెంబరు 30న యాంకీ స్టేడియంలో షికాగో బేర్స్‌ను 47-7తో ఓడించి జెయింట్స్ ఛాంపియన్‌షిప్ గెలుచుకొంది. 1958 ఫైనల్‌లో అదనపు సమయంలో బాల్టిమోర్ కోల్ట్స్ చేతిలో 23-17తో ఓడింది. జెయింట్స్ తరఫున టన్నెల్ చివరి పోటీ అదే.

గ్రీన్ బేలో

జెయింట్స్‌లో దాడి విభాగానికి శిక్షకుడిగా ఉన్న విన్స్ లొంబార్డి 1959లో గ్రీన్ బే పాకర్స్ ప్రధాన శిక్షకుడయ్యాడు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు ఒకే ఒక్క పోటీ గెలిచింది. లొంబార్డి టన్నెల్‌ను తనతో తీసుకొని వెళ్ళాడు. అప్పటికి ఇతని కాళ్ళలో మునుపటి చురుకు తగ్గింది. అయినా రక్షణ పంక్తిని నడిపించడానికి, కుర్రవాళ్ళకు నేర్పడానికి అనుభవజ్ఞుడు కావాలి. 1959లో పాకర్స్ ఏడు పోటీలు గెలిచింది. నల్లజాతివారు అతి కొద్దిమంది మాత్రమే ఉన్న ఆ చిన్న పట్టణంలో కొత్తగా వచ్చిన నల్లజాతి ఆటగాళ్ళకు టన్నెల్ పెద్దన్న వంటివాడు. 1960లో జట్టులో చేరిన విల్లీ వుడ్ ఇతని వద్ద మెళకువలు నేర్చి, అదే సేఫ్టీ స్థానంలో రాణించి 1989లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు.

1961 డిసెంబరు 31న జరిగిన ఫైనల్‌లో పాకర్స్ 37-0తో గెలిచింది. ఓడినది న్యూయార్క్ జెయింట్స్. పాత జట్టుపై దక్కిన ఈ విజయంతోనే టన్నెల్ ఆట నుండి విరమించాడు. అప్పటికి 79 ఇంటర్‌సెప్షన్లు, వాటితో తీసిన 1,282 గజాల పరుగు, 258 పంట్ రిటర్న్‌లు, వాటిలో 2,209 గజాలు, ఈ నాలుగూ లీగ్ రికార్డులే. ఇంటర్‌సెప్షన్ల రికార్డును 1979లో పాల్ క్రౌజ్ అధిగమించి చివరకు 81 వద్ద ముగించాడు. ఆ తరువాత టన్నెల్ సంఖ్యను కూడా ఎవరూ దాటలేదు. ఇతని 79లో 74 జెయింట్స్ తరఫున సాధించినవే.

శిక్షకుడిగా

ఆట విరమించిన తరువాత టన్నెల్ ప్రతిభాన్వేషకుడిగా పనిచేశాడు. 1965లో జెయింట్స్ సహాయ శిక్షకుడయ్యాడు. లీగ్‌లో పూర్తికాలపు శిక్షక బాధ్యతలు చేపట్టిన తొలితరం నల్లజాతీయులలో ఇతడొకడు. అంతకు మించిన మెట్టు మాత్రం ఆ తరం వారెవరికీ అందలేదు. 1920లలో ఫ్రిట్జ్ పొలార్డ్ తరువాత మరొక నల్లజాతీయుడు ఎన్.ఎఫ్.ఎల్‌లో ప్రధాన శిక్షకుడు కావడానికి 1989 వరకు, అంటే రైడర్స్ జట్టు ఆర్ట్ షెల్‌ను నియమించేవరకు, వేచి ఉండవలసి వచ్చింది.

గుండెజబ్బు కారణంగా 1974లో టన్నెల్ శిక్షకుడి బాధ్యతల నుండి తప్పుకొని, జట్టులోనే ఆటగాళ్ళ ఎంపిక విభాగంలో పనిచేశాడు. 1975 జూలై 23న, న్యూయార్క్ రాష్ట్రం ప్లెజెంట్‌విల్‌లోని పేస్ విశ్వవిద్యాలయంలో జెయింట్స్ శిక్షణ శిబిరం జరుగుతుండగా గుండెపోటుతో మరణించాడు.

గౌరవాలు

1967లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం లభించే నాటికి టన్నెల్ జెయింట్స్ శిక్షక బృందంలో ఉన్నాడు. 2019లో ఎన్.ఎఫ్.ఎల్ తన శతవార్షికోత్సవం సందర్భంగా ప్రకటించిన సర్వకాల జట్టులో సేఫ్టీలలో ఒకడిగా ఇతనిని ఎంపిక చేశారు. 2021 అక్టోబరులో కోస్ట్ గార్డ్ ఫిలడెల్ఫియాలో ఒక గస్తీ నౌకను ఇతని పేరుతో సేవలో ప్రవేశపెట్టింది. ఆ నౌక సంఖ్య 1145. ఆ తరగతి నౌకలలో అది నలభై అయిదవది. జెయింట్స్‌లో టన్నెల్ తొడిగిన చొక్కా సంఖ్య కూడా 45.