పన్ను లెక్క అడిగిన వర్తకుడు: గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిమ్మని కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు గురజాడవారి గురించో, ఆదిభట్ల నారాయణదాసుగారి గురించో రాద్దామనుకున్నాను. వారిని గూర్చి మన సభ్యులు ఇదివరకే చాలాసార్లు రాశారు, నాకంటే బాగా రాశారు. ఈలోగా మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను వేరే దారి పట్టించింది.

మా మనవడు నెల్లిమర్లలో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. మొన్నొక సాయంత్రం నాలుగు కాగితాలు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. ఏది వృత్తి పన్ను, ఏది ఆదాయపు పన్ను, ఏది ఎవరికి కట్టాలి, కట్టకపోతే ఏమవుతుందని అడిగాడు. వాడి ముఖంలో కనిపించింది తెలియనితనం కాదు, భయం. మనకు నెలజీతంలో పన్ను కోత వాళ్ళే కోసేవారు, మిగిలింది చేతిలో పెట్టేవారు. సొంత పని చేసుకునేవాడికి ఆ వసతి లేదు. తన లెక్క తానే తెలుసుకోవాలి. ఆ రాత్రి నాకు గుర్తొచ్చిన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారిది. పన్ను కట్టేవాడికి లెక్క అడిగే హక్కు ఉందని, నూట డెబ్బై ఏళ్ళ క్రితమే, తన ఆస్తి కరగబెట్టి మరీ చెప్పిన తెలుగువాడు ఆయన.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806లో చెన్నపట్నంలో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకులు. ఉన్న కుటుంబం. చదువు కాగానే కుమారుడు తండ్రి వ్యాపారంలో దిగాడు. బాగా గడించాడు. అక్కడితో ఆగి ఉంటే చెన్నపట్నం షావుకార్లలో ఆయన ఇంకొకరు అయ్యేవారు, ఈనాడు మనం తలచుకునే పని ఉండేది కాదు.

1844లో ఆయన సొంత డబ్బుతో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టించారు. సంపాదకుడిగా హార్లే అనే ఇంగ్లీషువాణ్ణి నియమించారు. దొరలకు అర్థమయ్యే భాషలో మన వాళ్ళ కష్టసుఖాలు చెప్పటం దాని పని. సర్కారువారికి ఆ పత్రిక కంటగింపు అయింది. శెట్టిగారు వెనక్కు తగ్గలేదు. 1852 ఫిబ్రవరిలో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. కాంగ్రెసు పుట్టటానికి ముప్పయి మూడేళ్ళ ముందు మాట ఇది.

అప్పట్లో కుంపిణీవారి చార్టరుకు గడువు తీరబోతోంది. దాన్ని పొడిగించే ముందు ఇక్కడి జనం సంగతి పార్లమెంటువారికి తెలియాలని అసోసియేషను 1852 డిసెంబరులో ఒక మహజరు పంపింది. భూమిశిస్తు భారం, ఉప్పు, అబ్కారీ, కోర్టుల జాప్యం, రోడ్లు లేకపోవటం, చదువు లేకపోవటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. వీటితోపాటు మొహతర్ఫా గురించి కూడా గట్టిగా రాశారు. ఈ తరంవారు ఆ మాట విని ఉండరు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మొహతర్ఫా అంటే భూమి లేని వృత్తిదార్ల మీద, వారి పనిముట్ల మీద వేసే పన్ను. సాలెవాడు, వడ్రంగి, కమ్మరి, కంసాలి, అంగడివాడు, బాటపక్కన బుట్ట పెట్టుకుని అమ్ముకునేవాడు, అందరూ ఇందులోకి వచ్చేవారు. ఒకడికి పనిముట్టు మీద పన్ను, ఒకడికి అమ్ముకునే అనుమతి మీద పన్ను. అంగడి ఉన్నవాడికి అంగడి మీద పన్ను వేరు. చవక పనిముట్ల విషయంలో వాటి వెలకు ఆరురెట్లు దాకా పన్ను పడుతోందని ఆ మహజరులో ఫిర్యాదు చేశారు. ఆ ఏడు పని దొరికిందా, నాలుగు డబ్బులు మిగిలాయా అన్న విచారణ లేదు. ఎవరికి ఎంత అన్నది ఊరూరికీ మారేది. కట్టేవాడికి తన లెక్క తెలిసే దారి లేదు. కచ్చేరీవాడు చెప్పిందే లెక్క.

మనది జమీందారీ ప్రాంతం గదా, మనకేమిటి సంబంధం అని కొందరు అనుకోవచ్చు. శాశ్వత శిస్తు నిర్ణయం చేసిన 1802 నాటి 25వ రెగ్యులేషనులోనే ఉప్పు, సుంకాలు, అబ్కారీతోపాటు మనుషుల మీద, వృత్తుల మీద వేసే పన్నులను జమీందార్లకు వదలకుండా సర్కారు తన చేతిలోనే ఉంచుకుంది. కనుక విజయనగరం, బొబ్బిలి జమీల్లో మగ్గం ముందు కూర్చున్నవాడికి కూడా ఆ మహజరు సంబంధించినదే. చెన్నపట్నంలో ఉన్న వర్తకుడు మనవాళ్ళ గోడు కూడా చెప్పారన్నమాట.

పార్లమెంటువారు 1853లో చార్టరు చట్టం చేశారు గాని, ఈ కోరికల్లో తీరినవి తక్కువ. అయితే ఒక మేలు జరిగింది. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు ఆ ఏడాదే స్వయంగా చెన్నపట్నం వచ్చారు. శెట్టిగారు ఆయన్ను జిల్లాలకు తీసుకెళ్ళి రైతుల చేతే చెప్పించారు. శిస్తు బకాయి పడినవారిని ఎలా హింసిస్తున్నారో ఆ దొర తెలుసుకున్నారు. సంగతి 1854లో లండన్లో కామన్స్ సభకు ఎక్కింది. దాని ఫలితంగా మద్రాసులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. వారి నివేదిక 1855లో వచ్చింది. వారికి అందిన ఫిర్యాదులు 1,959. మనిషిని వంచి మెడను కాళ్ళకు కట్టి ఎండలో నిలబెట్టడం, వేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కటం, ఇలాంటివన్నీ పన్ను వసూలులో వాడుకలో ఉన్నాయని ఆ సంఘం తేల్చింది.

ఇక్కడ మన ఉద్యోగులం సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ పనులు చేసినవారు దొరలు కారు. చాలీచాలని జీతాల మీద ఉన్న కచ్చేరీ సిబ్బంది, బంట్రోతులు, అంటే మన ఉద్యోగాలకు పూర్వీకులు. వసూలు తగ్గితే పైనుంచి మాట వస్తుంది. ఆ మాట కింద ఉన్న రైతు వీపు మీద పడుతుంది. వసూలు చేసే అధికారి చేతిలోనే పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉండేవి. కొట్టినవాడి మీద కొట్టినవాడి దగ్గరికే వెళ్ళి చెప్పుకోవాలి. తరువాత 1859లో మద్రాసులో పోలీసు చట్టం వచ్చి, పోలీసు శాఖ రెవిన్యూ నుంచి వేరుపడింది.

కొట్టడం ఏనాడో పోయింది. కాని తిప్పించటం పోయిందా? నా సర్వీసులో జరిగిన ఒక మాట దాచకుండా చెబుతాను. నేను పనిచేసిన ఒక కార్యాలయానికి ఒక కమ్మరి నోటీసు పట్టుకుని వచ్చాడు. అందులో ఏముందో చెప్పమన్నాడు. నేను తల ఎత్తకుండానే పక్క టేబులుకు పొమ్మన్నాను. మూడు రోజులు తిరిగాడు. అతను కట్టవలసింది చాలా కొద్ది మొత్తం. పోగొట్టుకున్న మూడు రోజుల కూలి దానికంటే ఎక్కువ. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చదివి చెబితే సరిపోయేది. శెట్టిగారి జీవితం చదివినప్పుడల్లా ఆ కమ్మరి నా కళ్ళ ముందు నిలుస్తాడు.

తిరిగి చరిత్రలోకి వస్తాను. కుంపిణీ పాలన పోవాలని, ఈ దేశాన్ని రాణిగారి ప్రభుత్వం నేరుగా ఏలాలని కోరుతూ అసోసియేషను మరో మహజరు కూడా పంపింది. 1858లో ఆ మార్పు జరిగింది. సిపాయిల తిరుగుబాటు ఖర్చుతో ఖజానా ఖాళీ అయినందున, జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక సభ్యుడు 1860 జూలైలో మన దేశానికి మొదటి ఆదాయపు పన్ను తెచ్చారు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి మినహాయింపు. 500 లోపువారికి నూటికి రెండు, ఆ పైవారికి నూటికి నాలుగు. మద్రాసు గవర్నరు ట్రెవెల్యాన్ ఈ పన్నును బహిరంగంగా వ్యతిరేకించి ఉద్యోగమే పోగొట్టుకున్నారు. ఆ తరువాత కొద్దికాలానికే మొహతర్ఫా రద్దయింది. ఆదాయపు పన్ను కూడా 1865లో పోయి, తిరిగి వచ్చి, 1886 చట్టంతో స్థిరపడింది. పన్ను పన్నే గాని తేడా గమనించాలి. మొహతర్ఫా పనిముట్టును చూసింది, ఆదాయపు పన్ను సంపాదనను చూస్తుంది. మొదటిదానిలో లెక్క కచ్చేరీవాడి నోట్లో ఉంది, రెండవదానిలో కాగితం మీద ఉంది.

శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదు వచ్చింది. 1863లో మద్రాసు శాసనసభకు నియమించారు. కాని అప్పటికే ఆస్తి చాలావరకు ప్రజల పనులకు కరిగిపోయింది. షావుకారు ఇంట పుట్టినవారు 1868లో లేమిలో కన్నుమూశారు. ఆయన పెట్టిన సంఘం కూడా క్రమంగా చల్లబడింది.

ఆయన అడిగింది మాత్రం మిగిలింది. చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదని మన రాజ్యాంగం 265వ అధికరణంలో ఉంది. వృత్తి పన్ను ఒక మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించరాదని 276వ అధికరణం హద్దు గీసింది. మన జీతాల్లోంచి నెలనెలా కోసింది ఈ పన్నే. మన రాష్ట్రంలో దానికి 1987 నాటి చట్టం ఉంది.

మా మనవడికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను, మీ ఇళ్ళలో పిల్లలకూ పనికొస్తుంది. వృత్తి పన్ను రాష్ట్రానిది, ఆదాయపు పన్ను కేంద్రానిది. ఒకటి కట్టాం కదా అని రెండవది తీరదు. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్నులో ఒక సులువైన పద్ధతి ఉంది. ఏడాది మొత్తం రాబడి రెండు కోట్ల లోపైతే, బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చినదానిలో నూటికి ఆరు, నగదులో నూటికి ఎనిమిది ఆదాయంగా చూపవచ్చు. అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. అంటే పది లక్షలు బ్యాంకు ద్వారా వస్తే అరవై వేలు ఆదాయం. పన్ను అరవై వేలు కాదు సుమా! ఆ ఆదాయం మినహాయింపు హద్దు దాటితేనే పన్ను ప్రశ్న. ఈ పద్ధతి కమీషను మీద పనిచేసే ఏజెంట్లకు వర్తించదు. డాక్టర్లు, ప్లీడర్ల వంటి వారికి లెక్క వేరు. 1961 చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేసి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టారు. సెక్షన్ల నంబర్లు మారాయి. ఏ నోటీసు వచ్చినా ముందు మూడు చూడాలి: ఏ పన్ను, ఏ సంవత్సరానిది, దేని మీద వేశారు. రశీదు, చలానా పారేయకూడదు.

నెలజీతం మీద బతికిన మన ఇళ్ళలో ఇప్పుడు పిల్లలు చాలామంది సొంత పనుల్లో ఉన్నారు. మనకు పింఛను ఉంది, తీరిక ఉంది, ఫైలు చదవటం వచ్చు. పక్కింటి కుట్టుమిషను అమ్మాయికో, ఆటో నడిపే అబ్బాయికో ఒక కాగితం చదివి చెప్పటానికి మనకు పోయేదేమీ లేదు. నేను ఆదివారాలు ఉదయం మా అరుగు మీద కూర్చుంటున్నాను. ఇంతవరకు ఏడుగురు వచ్చారు. ఆ కమ్మరి మాత్రం రాలేదు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కూడా తెలియదు. అతనికి చెప్పవలసింది వీళ్ళకు చెబుతున్నాను.

— ఒక విశ్రాంత గుమాస్తా, నెల్లిమర్ల