మైదానం మరచిన మనిషి – టామ్ విల్స్

ఆస్ట్రేలియా దేశంలోని మెల్‌బోర్న్ నగరంలో, యారా నదికి చేరువగా ఒక మహా క్రీడాస్థలం కలదు. 1853లో క్రికెట్ కొరకు ఏర్పడిన ఆ మైదానంలో నేడు సుమారు లక్షమంది ఆట చూడవచ్చును. శీతకాలం రాగానే అది ఆ దేశీయుల సొంత ఆటయైన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కు నెలవగును. 1970లో తుదిపోటీకి 1,21,696 మంది వచ్చినారు. తాత ఏ వరుసలో కూర్చుండి ఏ ఆట చూచినాడో మనుమడు చెప్పుకొనేటంతటి మమత అక్కడివారికి ఆ స్థలంపై కలదు. ఇన్ని జ్ఞాపకాలను దాచుకొన్న ఆ మైదానం, ఆటకు ఆద్యులలో ముఖ్యుడైన టామ్ విల్స్‌ను మాత్రం నూరేండ్లపాటు ఇంచుమించు మరచిపోయినది.

థామస్ వెంట్‌వర్త్ విల్స్ 1835 ఆగస్టు 19న న్యూసౌత్‌వేల్స్‌లో జన్మించినాడు. అతని తాత ద్వీపాంతరవాస శిక్షపై ఇంగ్లండు నుండి వచ్చిన ఖైదీ. తండ్రి హొరేషియో గొర్రెల మందలతో సంపన్నుడై, కుమారుడు పసివాడుగా ఉన్నప్పుడే పడమటి విక్టోరియాలోని గ్రాంపియన్స్ కొండల దాపుకు కాపురం మార్చినాడు. ఆ నేల జాబ్‌వురుంగ్ అనే ఆదివాసులది. టామ్ వారి పిల్లలతో ఆడుకొని, వారి భాష నేర్చి, వారి పాటలు పాడుతూ పెరిగినాడు. ఆ ప్రాంతపు ఆదివాసులకు తోలుబంతితో ఆడే మార్న్‌గ్రూక్ అనే ఆట ఉండేది. విల్స్ తరువాత రూపొందించిన ఆటకు అదే ప్రేరణయని కొందరందురు. అందుకు వ్రాతమూలకమైన ఆధారం లేదని మరికొందరందురు. ఆ వాదం నేటికీ తెగలేదు.

1850లో తండ్రి అతనిని ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలకు పంపినాడు. చదువులో అతడు రాణించలేదు; క్రికెట్‌లో పాఠశాల జట్టుకు నాయకుడైనాడు. ఆ పాఠశాల పేరే పెట్టుకొన్న ఫుట్‌బాల్ ఆటలోను ఆరితేరినాడు. 1856 డిసెంబరులో మెల్‌బోర్న్ చేరేసరికి, అక్కడ అంతటి క్రికెట్ ఆటగాడు మరొకడు లేడని పేరు వచ్చినది. అనతికాలంలోనే విక్టోరియా జట్టుకు నాయకత్వం వహించినాడు.

1858 జూలై 10న అతడు ఒక క్రీడాపత్రికకు లేఖ వ్రాసినాడు. క్రికెట్ ఆటగాండ్రు శీతకాలమంతా ఊరకుండి దేహదార్ఢ్యం కోల్పోరాదు. ఫుట్‌బాల్ సంఘం ఒకటి పెట్టి నియమాలు వ్రాసుకొనవలెను. అది సాధ్యం కానిచో తుపాకి గురి సంఘమైనా పెట్టవలెను – ఇదీ దాని సారాంశం. ఆ ఆగస్టు 7న క్రికెట్ మైదానం ప్రక్కనున్న రిచ్మండ్ పాడక్ అనే బీటిలో రెండు పాఠశాలలకు పోటీ జరిగినది. ఒక్కొక్క పక్షాన నలుబదిమంది. విల్స్, రసాయనశాస్త్ర బోధకుడైన జాన్ మకడామ్ తీర్పరులు. మకడామియా గింజలకు పేరిచ్చినవాడు ఈ మకడామే. పోటీ మూడు దినాలు జరిగియు, చెరియొక గోలుతో సమానంగా ముగిసినది.

మరుసటి ఏడు మే 17న విల్స్ మరి ముగ్గురితో కూర్చుండి పది నియమాలు వ్రాసినాడు. రగ్బీ పాఠశాలలో వలె కాలిపిక్కలపై తన్నుట అతనికి ఇష్టమే. కాని మెల్‌బోర్న్ నేల గట్టిది. ఆడేవారు మరునాడు పనికి పోవలసిన పెద్దలు. కావున అది నిషిద్ధమైనది. పచ్చిక పాడగునని క్రికెట్ సంఘం ఈ కొత్త ఆటను తన మైదానంలోనికి రానీయలేదు. బయట యూకలిప్టస్ చెట్ల నడుమనే ఆట సాగినది. 1870–80 దశకంలో కాని దానికి లోపల స్థిరమైన చోటు దొరకలేదు.

ఇంతలో విల్స్ జీవితంపై పిడుగు పడినది. 1861లో తండ్రితో కలిసి క్వీన్స్‌లాండ్‌లో కొత్త భూమికి తరలినాడు. అక్టోబరు 17న, అతడు సరకులకై వెళ్ళియుండగా, గయిరి ఆదివాసులు ఆ విడిదిపై పడి హొరేషియోతో సహా 19 మందిని చంపినారు. పొరుగు భూస్వామి చేసిన దౌష్ట్యానికి అది ప్రతీకారమని విల్స్ నమ్మినాడు. తెల్లవారు తీర్చుకొన్న పగలో అంతకు ఎన్నో రెట్ల ఆదివాసులు హతులైనారు. విల్స్ కూడ ఆ పగలో పాల్గొన్నాడని చెప్పే 1895 నాటి అమెరికన్ పత్రికా కథనమొకటి 2021లో బయటపడినది. దానిని నమ్మవచ్చునా అనుటలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

ఇట్టి విల్స్ 1866లో పడమటి విక్టోరియా ఆదివాసుల క్రికెట్ జట్టుకు శిక్షకుడై, ఆ డిసెంబరు 26న దానిని మెల్‌బోర్న్ మైదానంలో నడిపినాడు. సుమారు పదివేలమంది చూడవచ్చినారు. ఆదివాసుల చేతిలో తండ్రిని పోగొట్టుకొని అప్పటికి అయిదేండ్లే అయినది. ఆ జట్టులోని పలువురు 1868లో ఇంగ్లండు వెళ్ళి ఆడినారు. విల్స్‌కు ఆ యాత్రలో చోటు దొరకలేదు.

అటుపిమ్మట అతని జీవితం వాలిపోయినది. క్వీన్స్‌లాండ్ ఘోరం అతని మనస్సును విడువలేదు. మద్యం వ్యసనమైనది, అప్పులు పెరిగినవి. 1872లో బంతిని విసరుచున్నాడని తీర్పరులు దోషం పట్టగా క్రికెట్ కీర్తి కూడ చెదరినది. 1880 మే 2న హైడెల్‌బర్గ్‌లో, మతి స్థిమితం తప్పిన స్థితిలో, తన ప్రాణం తానే తీసుకొన్నాడు. అప్పటికి 44 ఏండ్లు. అతనిని పాతిన చోట గుర్తుగా ఒక రాయి కూడ నిలుపలేదు. ఆటకు పితయను గౌరవం 1929 వరకు జీవించిన అతని బంధువు హారిసన్‌కు దక్కినది. అట్టి చావు చచ్చినవానిని తలచుకొనుటకు ఆనాటి సభ్యసమాజం సంకోచించినది.

1980లో, నూరేండ్లు నిండిన పిమ్మట, మెల్‌బోర్న్ క్రికెట్ సంఘం అతని సమాధిపై రాయి నిలిపినది. 2001లో మైదానం వెలుపల అతని కాంస్యవిగ్రహం వెలసినది. 1858 నాటి పోటీలో తీర్పరిగా, ఆడుచున్న బాలుర చెంత అతడందు కనిపించును. అదే ఉద్యానంలో పూర్వం వురుండ్జెరి ఆదివాసులు తమ అవసరాలకు బెరడు ఒలుచుకొన్న చెట్లు, ఆ మచ్చలతో, ఇంకను నిలిచియున్నవి. పోటీనాడు ద్వారాల వైపు సాగే జనం ఆ చెట్ల ప్రక్కగా, ఆ విగ్రహం ముందుగా నడిచి లోనికి పోవుచుందురు.