గాత్రసాధకులు ఘంటసాల

కంఠము దైవదత్తమనుట లోకమున వాడుక. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి విషయమున ఈ మాటను పూర్తిగా అంగీకరించినచో, విజయనగరమున వారు పడిన పాట్లకు అన్యాయము చేసినట్లగును.

వారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణామండలము, గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుటయందును మృదంగము వాయించుటయందును నేర్పరులు. ఆయన భుజములపై నెక్కి తరంగములకు ఆడిన బాలునకు తాళజ్ఞానము నడకతోపాటే అబ్బినది. తండ్రి గతించునప్పటికి ఆ బాలునకు పట్టుమని పండ్రెండేండ్లు లేవు. సంగీతము నేర్వుమన్న పితృవాక్య మొక్కటియే ఆస్తి.

చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరుసరికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. తలదాచుకొనుటకు చోటు దొరికినను కడుపు నిండు మార్గము లేదు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి, తాము కలవారు కాకున్నను, విద్యాదానము చేసిరి. శిష్యుడు జోలె తగిలించుకొని మధుకరమునకు ఇల్లిల్లు తిరిగెను. అట్లు తెచ్చుకొన్న అన్నమే ఆహారము. గాత్రవిద్యకు తెల్లవారుజాముననే మేల్కాంచి మంద్రస్థాయిలో నాదము నిలుపవలెను. ఆకారము శుద్ధముగా పలుకవలెను. వర్ణములను కాలము మార్చి పాడవలెను. అరవీసము లోపమును చెవి పసిగట్టవలెను. ఆకలిగొన్నవానికి ఊపిరి నిలుపుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. అయినను విద్య సాగినది, పట్టము లభించినది.

1942 ఉద్యమమున కారాగారవాసము ననుభవించి, 1944లో వివాహమైన పిమ్మట, సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున మద్రాసు చేరిరి.

మైకులు లేని కాలమున నాటక నటుడు చివరి వరుసవానికి సైతము వినిపింపవలెనని హెచ్చుశ్రుతిలో, దీర్ఘాలాపముతో పద్యమెత్తుకొనెడివాడు. రాత్రియంతయు జాగరణము, తెల్లవారుసరికి బొంగురుగొంతు. ఇది మన పల్లెలలో ఎరుగనివారెవరు? గొంతులోని నాదతంత్రులు ఊపిరిచే కంపించి స్వరము పుట్టును. బలవంతముగా అరచినచో అవి వాచును. వన్స్‌మోరుల సందడిలో ఈ సంగతి ఎవరికి పట్టును? ఘంటసాలవారు మైకు చెంత నిలిచి రాగమును క్లుప్తపరచి, పదమును విరువక, అర్థమునకు దగినంత నాదమునే వినియోగించిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము వినినవారికి ఈ పొదుపు తెలియును. పొదుపన్నంత మాత్రమున బలము లేదనుకొనరాదు. జగదేకవీరుని కథ (1961)లోని దర్బారీ కానడ పాటయందు మూడు స్థాయిలలో సంచరించిన కంఠము విజయనగరపు సాధనఫలమే.

ప్రఖ్యాతి వచ్చినది, విశ్రాంతి పోయినది. ఇతరుల చిత్రములకు పాడుటయే కాక, పాతాళభైరవి (1951) వంటి అనేక చిత్రములకు స్వరకల్పనయు వారిదే. రామారావుగారికొక తీరు, నాగేశ్వరరావుగారికొక తీరు గొంతు మార్చుచు ఏండ్ల తరబడి పాడిరి. ఇంతలో మధుమేహము పట్టుకొన్నది. ఆ వ్యాధి నోటిని ఎండజేయును, కండరముల సత్తువ హరించును. గాయకునకు ఇంతకు మించిన శత్రువు లేదు. 1970లో పద్మశ్రీ, 1971లో విదేశయాత్ర. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేయుచుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రి పాలైరి.

కోలుకొన్నను పూర్వపు బలము రాలేదు. అట్టి స్థితిలో భగవద్గీతను చేపట్టిరి. ఎంచుకొన్న శ్లోకములను పాడి, వెంటనే తెలుగు తాత్పర్యమును ఎదుట కూర్చున్నవానితో మాటాడునట్లు పలికిరి. తారస్థాయికై ఆరాటము లేదు, గమకముల ఆడంబరము లేదు. యౌవనమున పాడియుండినచో ఇంత నిదానముగా వచ్చెడిదా యన్నది సందేహమే. అలసిన కంఠమునకు ఏది సాధ్యమో ఎరిగి, శ్వాసను మాటమాటకు పంచిరి; ఉచ్చారణమున మాత్రము ఒక్క అక్షరమైనను జారనీయలేదు.

1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసు నగరమున వారు కన్నుమూసిరి. అప్పటికి వయస్సు ఏబదియొక్క సంవత్సరములు.