పొలముగట్టున గణితశాస్త్రి

ఇంగ్లండు దేశమున హార్పెండెన్ చెంతనున్న రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున 1843 నుండి ఒకే చేనిలో ఏటేట గోధుమ పండించుచుండిరి. ఏ మడికి ఏ యెరువు వేసిరి, ఎంత గింజ చేతికి వచ్చినది, వాన యెంత కురిసినది, సమస్తమును దస్త్రములకెక్కెను. డెబ్బదియైదేండ్లు గడచునప్పటికి దస్త్రములు గుట్టలు పడెను గాని, సగటు దిగుబడి హెచ్చినను తగ్గినను కారణమిది యని తేల్చుట దుస్తరముగనే యుండెను. ఆ లెక్కలనుండి యింకను గ్రహింపదగినదేమైన కలదేమో చూచుటకై 1919లో క్షేత్రాధ్యక్షుడు జాన్ రస్సెల్ ఒక యువ గణితజ్ఞుని కొలువునకు దీసికొనెను. అతడే రొనాల్డ్ ఐల్మర్ ఫిషర్.

ఫిషర్ 1890 ఫిబ్రవరి 17న లండనులో జన్మించెను. పదునాలుగవ యేట తల్లి మరణించెను. కొలది కాలమునకే తండ్రి వ్యాపారము చితికిపోయెను. బాల్యమునుండియు దృష్టిమాంద్యము. దీపపు వెలుతురున చదువరాదని వైద్యులు కట్టడి చేయగా, సాయంకాలపు గణిత పాఠములు కాగితము, కలము లేకయే నోటిమాటగా సాగెను. అందువలన సమస్యను ఆకృతిగా మనసున నిలుపుకొని చూచు శక్తి యాయనకు అలవడెను. ఆయన ఉపపత్తులలో నడుమ మెట్లు కానరావని తోడి పండితులు విసుగుకొనుటకు మూలము బహుశః ఇదియే. 1912లో కేంబ్రిడ్జి పట్టభద్రుడయ్యెను. యుద్ధము రాగా సైన్యమున చేరబోయెను గాని చూపు చాలదని త్రిప్పి పంపిరి. పిదప 1919 వరకు పాఠశాలలలో గణితము, భౌతికశాస్త్రము బోధించెను; ఉపాధ్యాయుడుగా రాణించెనని మాత్రము చెప్పజాలము. కార్ల్ పియర్సన్ వంటి ఉద్దండుడు లండనులో ఉద్యోగమిత్తునన్నను కాదని, పొలముగట్టునకే వచ్చెను.

బ్రాడ్‌బాల్క్ అను ఆ గోధుమ చేనిలోని పదుమూడు మడుల లెక్కలను ఫిషర్ పరిశీలించి 1921లో వ్యాసము ప్రకటించెను. దిగుబడిలోని మార్పును ఆయన మూడు పాయలుగ విడదీసెను. ఏటేట వాతావరణము వలన కలుగు ఒడిదుడుకులు ఒకటి. భూసారము క్రమముగ తరుగుట రెండవది. ఈ రెంటికిని చెందక, కొన్నేండ్లపాటు మెల్లగ హెచ్చుచు తగ్గుచు వచ్చునది మూడవది. ఈ మూడవదానికి కలుపు మొక్కలే కారణమని ఆయన యూహించెను. 1876, 1880 సంవత్సరములలో వచ్చిన విద్యాశాసనములచే పల్లె బాలురు బడికి పోవలసివచ్చెను. కలుపు తీయు చేతులు కరవయ్యెను. బడిగంటకును గోధుమ వెన్నునకును ఇట్టి సంబంధముండునని అంతకు మున్ను ఎవరు తలచిరి?

అయినను గడచిన లెక్కలనుండి కారణము నూహింపవచ్చునే గాని నిర్ధారింపరాదని ఆయనకు తోచెను. ఎరువు వేసిన మడి పది బస్తాలు, వేయని మడి తొమ్మిది బస్తాలు పండినవనుకొందము. హెచ్చిన బస్తా ఎరువు మహిమయా, నేల మహిమయా? ఏ యెరువును వేయకున్నను ప్రక్కప్రక్క మడులు ఒకే తీరున పండవు గదా! కావున ముందుగ ఎరువు వలన ప్రయోజనమే లేదని భావింపవలెను. దీనినే శూన్య పరికల్పన యందురు. అది నిజమైనచో ఇంతటి భేదము కేవలము యాదృచ్ఛికముగ ఎన్నిమారులకొకమారు సంభవించునో లెక్క కట్టవలెను. ఇరువదింట ఒకటికన్న అరుదని తేలినచో ఆ భావనను త్రోసిపుచ్చవచ్చును. అయితే ఈ గణన చెల్లవలెనన్న ఒకే యెరువును పెక్కు మడులలో ప్రయోగింపవలెను. ఏ మడికి ఏది వేయుటయో చీట్లు వేసి నిర్ణయింపవలెను. మనిషి యెన్నుకొన్నచో తెలియకయే మంచి మడిని తనకు నచ్చిన యెరువునకు కేటాయించును.

చీట్ల విషయమున ఆయనకు ఎదురాడినవాడు మిత్రుడు విలియం గాసెట్. డబ్లిన్‌లోని మద్యపు కర్మాగారమున పనిచేయుచు, 'స్టూడెంట్' అను మారుపేరున 1908లోనే స్వల్ప సంఖ్యలనుండి సగటును పరీక్షించు మార్గము చూపినవాడితడు. ఆ మార్గమునకు శాస్త్రీయమైన ఉపపత్తిని కూర్చినవాడు ఫిషరే. చీట్లకన్న మడులను సమతూకముగ పంచుటయే మేలని గాసెట్ వాదించెను. 1937లో అతడు మరణించు వరకు ఆ వాదము తెగలేదు.

1925లో పరిశోధకులకై సాంఖ్యక పద్ధతులను గూర్చియు, 1935లో ప్రయోగ రచనను గూర్చియు ఫిషర్ వెలువరించిన గ్రంథములు దేశదేశముల వ్యాపించెను. 1933లో లండను విశ్వవిద్యాలయ కళాశాలయందును, 1943లో కేంబ్రిడ్జియందును ఆచార్యుడయ్యెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు 1948లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొందినది ఆయన శిష్యుడుగనే.

ఆయనయందు దోషములు లేకపోలేదు. మానవజాతిని ఎంపికచే మెరుగుపరుపవచ్చునను సుజననవాదమును జీవితాంతము విడువలేదు. పొగత్రాగుటచే ఊపిరితిత్తుల పుట్టకురుపు కలుగునని లెక్కలు చెప్పుచున్నను అంగీకరింపలేదు. స్వయముగ చుంగాణీ ప్రియుడు, పొగాకు వర్తకులకు సలహాదారు కూడను. శూన్య పరికల్పనను త్రోసిపుచ్చుట లోకమునకు నేర్పినవాడు ఇచ్చట దానినే పట్టుకొని వ్రేలాడెను.

1962 జూలై 29న ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున మరణించెను. బ్రాడ్‌బాల్క్ చేనిలో నేటికిని గోధుమ విత్తుచునే యున్నారు.